మినియాపోలిస్‌లో ఫుటింగ్ 42 అంగుళాలెందుకు?

ప్రశ్న (హన్మకొండ):
తమ్ముడు అమెరికాల, మినియాపోలిస్‌ల ఇంటెనక చెక్క డెక్ (ఆరుబయట అరుగు) వేయిస్తుండు. ఫుటింగ్ (స్తంభం కింది కాంక్రీటు పునాది) 42 అంగుళాలు దిగాల్సిందేనట. మోసేది నాలుగు స్తంభాలే కదా, గింత లోతెందుకు?

జవాబు 1:
బరువు కోసం కాదన్నా, చలి కోసం. నేల పైనుంచి కిందికి గడ్డకడుతుంది. గడ్డకట్టే అంచు కింది తడిని పైకి గుంజుకుని ఐస్ పొరలు పేరుస్తుంది. నీరు గడ్డకడితే పెరిగేది 9 శాతమే. పునాదిని ఎత్తేది ఈ పొరలే. అందుకే దాని అడుగుభాగం గడ్డకట్టే లోతు కిందికి దిగాలి. సన్న ఒండ్రుమట్టిలో ఇది మరీ ఎక్కువ, శుభ్రమైన కంకరలో దాదాపు ఉండదు. మినెసోటా రాష్ట్ర నిర్మాణ కోడ్ ప్రకారం దక్షిణాన (మినియాపోలిస్ ఇందులోకే వస్తుంది) 42, ఉత్తరాన 60 అంగుళాలు.

జవాబు 2:
లోతొక్కటే చాలదు. గుంత పక్కలు గరుకుగా, పైభాగం వెడల్పుగా ఉంటే గడ్డకట్టిన మట్టి కాంక్రీటును పట్టుకుని పైకి లాగుతుంది. నున్నటి గొట్టంలో పోసి, అడుగుభాగాన్ని వెడల్పు చేయమనండి. ఇంకోటి: మంచు కప్పి ఉన్న నేల తక్కువ లోతే గడ్డకడుతుంది, మంచు ఊడ్చేసిన రోడ్డు కింద ఎక్కువ. నీళ్ల పైపులు ఫుటింగ్ కన్నా లోతుగా వేసేది అందుకే.

జవాబు 3:
ఆదిలాబాద్ చలికి పునాది లేవదు లెండి. మన దగ్గర ఆ పని చేసేది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు పగిలి. లోతైన రేగడిలో అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు) 3.5 మీటర్ల దాకా దించేది అందుకే.