నిషేధం ఎత్తేస్తారని ముందే కార్డులు కొని పెట్టుకోవడం తెలివైన పనేనా?

మంత్రాలమూట:

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటాను. శుక్రవారం సాయంత్రాలు ఆఫీసు మిత్రులతో మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతుంటాను, అదీ ఒక నాయక కార్డును ఎంచుకుని దాని చుట్టూ కట్ట కూర్చుకునే కమాండర్ పద్ధతి మాత్రమే. ఈ మధ్య ఆట కంటే ధరల పట్టికలే ఎక్కువ చూస్తున్నానని మా ఆవిడ దెప్పుతోంది. అబద్ధమేమీ కాదు.

సంగతి ఇది. ఆటను దెబ్బతీస్తాయనిపించిన కార్డులను ఆడకూడదని నిషేధిస్తుంటారు, అప్పుడప్పుడు ఆ నిషేధం ఎత్తేస్తుంటారు. 2025 ఏప్రిల్‌లో కమాండర్‌లో ఐదు కార్డులపై నిషేధం ఎత్తేశారు. వాటిలో గిఫ్ట్స్ అన్‌గివెన్, పానాప్టిక్ మిర్రర్ ఉన్నాయి. అంతకుముందు 2024 డిసెంబరులో మోడర్న్ అనే మరో పద్ధతిలో మాక్స్ ఓపల్, స్ప్లింటర్ ట్విన్‌తో కలిపి నాలుగింటిని వదిలేశారు. ప్రకటన వెలువడగానే ధరలు లేవడం రెండుసార్లూ చూశాను. నిషేధంలో ఉన్నంతకాలం అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఇలాంటివి చాలావరకు చౌకగా దొరుకుతాయి. జాబితా ఎదురుగానే ఉంది. అందులోంచి ఇప్పటి ఆటకు పెద్ద ముప్పు కాదనిపించేవి ఏరి, ఒక్కోటి నలభై ప్రతుల చొప్పున కొని పెట్టుకుంటే ఎలా ఉంటుంది?

మూడు వేల డాలర్లు పక్కన పెట్టాను. సగం వాటా తనదంటున్నాడు మా బావమరిది. ఈ పని చేయాలా, లేక ఇక అచ్చు వేయబోమని కంపెనీ మాట ఇచ్చిన పాత రిజర్వ్‌డ్ లిస్ట్ కార్డులు రెండో మూడో కొని ఊరుకోవాలా? అమ్మిన అనుభవం నాకు లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కౌంటరువెనక:

మూట గారూ, శనివారాల్లో ఒక కార్డుల దుకాణంలో కొనుగోళ్ల బల్ల దగ్గర కూర్చుంటాను. జనం తెచ్చిన కార్డులు చూసి ధర కట్టడం నా పని. కాబట్టి మీరు కొనబోయే వైపు నుంచి కాకుండా, మీరు అమ్మబోయే వైపు నుంచి చెబుతాను.

మీ తర్కంలో లోపం లేదు. అయితే అదే తర్కం అదే రోజు వందలమందికి తడుతుంది. నాలుగు డాలర్ల కార్డు నలభై ప్రతులు కొన్నారనుకుందాం. అదృష్టం కలిసొచ్చి నిషేధం ఎత్తేశారు. తెరమీద ధర 11 డాలర్లు. మీరు 11కి పెడతారు. మీ కంటే పది నిమిషాలు ముందు ఇంకొకాయన 10.75కి పెట్టి ఉంటాడు. అతన్ని చూసి మరొకరు 10.50. ఆ వారాంతానికి అది 7 దగ్గర నిలబడుతుంది. గుంటూరు యార్డులో మిర్చి ధర లేచిందని తెలియగానే శీతల గిడ్డంగుల తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నట్టు, అప్పటిదాకా సొరుగుల్లో పడున్న ప్రతులన్నీ సంతకు వచ్చేస్తాయి.

ఇప్పుడు ఆ 7 డాలర్లలో మీకు మిగిలేది చూడండి. అమ్మకపు సైటు కమీషను, కార్డు చెల్లింపు రుసుము కలిపి సుమారు 13 శాతం, అంటే 91 సెంట్లు. ప్రతి ఆర్డరు మీదా విడిగా ఒక 30 సెంట్లు. స్టాంపు, కవరు, ప్లాస్టిక్ తొడుగు కలిపితే డాలరుకు దగ్గర. మిగిలింది 4 డాలర్ల 79 సెంట్లు. కార్డుకు 79 సెంట్ల లాభం. నలభై కార్డులకు 32 డాలర్లు కూడా కాదు, పైగా నలభై కవర్ల మీద చిరునామాలు రాయాలి. పంపే ఖర్చు కొనేవారి మీద వేయవచ్చు గానీ, అప్పుడు మీ కార్డు పట్టికలో కిందికి జారుతుంది. ఒక్కసారే వదిలించుకుందామని మా బల్ల దగ్గరికి తెస్తే, 7 డాలర్ల కార్డుకు మేము ఇచ్చేది మూడో మూడున్నరో. మేమూ దాన్ని అమ్ముకోవాలి కదా. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని ఊరికే అనలేదు.

ఇదంతా నిషేధం ఎత్తేస్తే. ఎత్తకపోతే ఆ నలభై ప్రతులూ మీ సొరుగులోనే.

ఇక అసలు సంగతి. ఈ ఆటలో సరఫరా తాళంచెవీ, గిరాకీ తాళంచెవీ రెండూ ఒకే కంపెనీ దగ్గర ఉన్నాయి. ఏది ఆడవచ్చో వాళ్లే చెబుతారు, ఏది మళ్లీ అచ్చు వేయాలో వాళ్లే నిర్ణయిస్తారు. 2018 ఫిబ్రవరిలో మోడర్న్‌లో 'జేస్, ది మైండ్ స్కల్ప్టర్' అనే కార్డు మీద నిషేధం ఎత్తేశారు. ధర ఒక్కసారిగా ఎగిరింది. మార్చిలో వచ్చిన మాస్టర్స్ 25 ప్యాకెట్లలో అదే కార్డు ఉంది. అచ్చు పని నెలల ముందే పూర్తవుతుంది కాబట్టి, ఆ ప్రకటన రాసినవాళ్లకు ఈ సంగతి తెలియనిది కాదు.

2024 సెప్టెంబరు 23 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్, నాదు. అప్పట్లో కమాండర్ నియమాలు చూసే బయటి కమిటీ ఈ నాలుగు కార్డులనూ ఒకే రోజు నిషేధించింది. వీటిలో జ్యువెల్డ్ లోటస్ పరిస్థితి మరీ ఘోరం. దాంతో వచ్చే మానా, అంటే కార్డులు ఆడడానికి ఖర్చుపెట్టే శక్తి, మీ నాయక కార్డు అయిన కమాండర్‌ను ఆడడానికి తప్ప దేనికీ పనికిరాదు. కమాండర్‌లోనే వద్దన్నాక దాన్ని ఎక్కడ ఆడతారు? ఆ తర్వాతి శనివారం మా బల్ల దగ్గర వరస కట్టారు. కార్డుకో తొడుగు, దాని మీద ఇంకో తొడుగు, పైన గట్టి ప్లాస్టిక్ డబ్బా. అంత భద్రంగా దాచుకున్నవాళ్లకు మేము చెప్పగలిగిన ధర వింటే నాకే ఇబ్బందిగా అనిపించింది. ఆ గొడవ ఎంత ముదిరిందంటే, కమిటీ సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి వాళ్లు కమాండర్ నిర్వహణనే కంపెనీకి అప్పగించి తప్పుకున్నారు. ప్లాస్టిక్ డబ్బాలో కార్డు కోసం మనుషుల్ని బెదిరించేవాళ్లను ఏమనాలో నాకు మాట దొరకదు.

మళ్లీ అచ్చు వేస్తే ధర పడుతుందన్నది కూడా ఎప్పుడూ నిజం కాదు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. టార్మోగోయ్ఫ్ అనే కార్డు 2007లో వచ్చింది. 2013లో మోడర్న్ మాస్టర్స్ అనే సెట్‌లో, అంటే ఒకేసారి విడుదల చేసే కార్డుల గుంపులో, మళ్లీ వేశారు. పడుతుందనుకుంటే పెరిగింది. ఆ సెట్ చూసి కొత్తవాళ్లు ఆటలోకి వచ్చారు, వచ్చినవాళ్లందరికీ నాలుగేసి ప్రతులు కావాలి. రెండు వందల డాలర్ల దాకా పోయింది. తర్వాత 2015, 2017, 2018 సంవత్సరాల్లో మళ్లీ మళ్లీ వేశారు. ఈలోగా 2017లో ఆటలో దాన్ని ఒక్క మానాతో చంపేసే ఫేటల్ పుష్ అనే కార్డు వచ్చింది. ఇప్పుడు ఆనాటి ధరలో పదో వంతు కూడా పలకదు. గ్రాఫు మాత్రమే చూసేవారికి ధర పెరిగే కథ, పడే కథ రెండూ మొదటి ఏడాది ఒకేలా కనిపిస్తాయి.

రిజర్వ్‌డ్ లిస్ట్ వేరే లెక్క. 1995లో క్రానికల్స్ పేరుతో పాత కార్డులను కుప్పలుగా అచ్చు వేస్తే, దాచుకున్నవాళ్లు గగ్గోలు పెట్టారు. 1996లో కంపెనీ కొన్ని కార్డులను ఇక ముద్రించబోమని మాట ఇచ్చి జాబితా ప్రకటించింది. మెరిసే ప్రత్యేక ప్రతుల రూపంలో ఒక సందు మిగిలి ఉంటే 2010లో దాన్నీ మూసేశారు. 2022లో ముప్పై ఏళ్ల సంబరం పేరుతో ఆ పాత కార్డులే వెనకవైపు వేరే బొమ్మతో, పోటీల్లో చెల్లకుండా, అరవై కార్డులకు 999 డాలర్లు పెట్టి అమ్మారు. మాట తప్పలేదు, పక్కనుంచి వెళ్లారు. అందుకని మీ మూడు వేలతో ఏదైనా చేయాల్సిందేనంటే నేను రెండో దారే అంటాను, కానీ అవి కూడా అనుకున్న రోజున అమ్ముడుపోయే సరుకు కావు. ఖరీదైన కార్డు కొనేవాడి కోసం వారాల తరబడి ఎదురు చూడాల్సి రావచ్చు.

చివరగా, ధర చూసేటప్పుడు 'అతి తక్కువ ధర' గడి చూడకండి. నిజంగా జరిగిన అమ్మకాల పట్టిక చూడండి, పక్కనే ఎన్ని ప్రతులు అమ్మకానికి ఉన్నాయో చూడండి. రోజుకు రెండు అమ్ముడయ్యే కార్డుకు మూడు వందల ప్రతులు వరసలో ఉంటే, మీ నలభై మూడు వందల నలభైలో భాగం.

పికాచునాన్న:

కౌంటరు గారు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్క చోట ఒప్పుకోను. అంతా అచ్చు యంత్రం చేతిలో ఉందంటే పోకెమాన్ కార్డుల కథ అర్థం కాదు. మా అబ్బాయి పుణ్యమాని నేను ఆ వైపు మనిషిని. పోకెమాన్ వాళ్లు 2024 మార్చితో ముగిసిన ఒక్క సంవత్సరంలోనే దాదాపు 1,190 కోట్ల కార్డులు ముద్రించారు. అయినా 1999 నాటి మొదటి సెట్‌లోని చారిజార్డ్ కార్డు జోలికి ఆ వరద రాలేదు. ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు సంపాదిస్తున్నారు, వాళ్లకు కావాల్సింది ఆనాటి కార్డే.

అయితే జనం ఎగబడిన రోజున కొన్నవాళ్ల గతి మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది. 2021 మార్చి చివర్లో, కార్డుల నాణ్యతను పరీక్షించి గ్రేడు ఇచ్చే పీఎస్ఏ సంస్థ పేరుకుపోయిన కార్డులతో చేతులెత్తేసి చాలా సేవలను కొంతకాలం ఆపేసింది. మేలో విస్కాన్సిన్‌లో ఒక టార్గెట్ దుకాణం పార్కింగ్‌లో కార్డుల కోసం కొట్లాట జరిగితే, ఆ కంపెనీ దుకాణాల్లో కొన్నాళ్లు కార్డులు అమ్మడమే మానేసింది. ఆ నెలల్లో కొన్నవాళ్లు చాలామంది మరుసటి ఏడాది ముఖం వేలాడేశారు. మా పక్కింటి పెద్దాయన గ్యారేజీలో 1990 నాటి బేస్‌బాల్ కార్డుల పెట్టెలు ఇంకా సీలు విప్పకుండా ఉన్నాయి. అప్పుడు అందరూ దాచారు, అందుకే ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

లెక్కలపద్దు:

ఎవరూ అడగని విషయం ఒకటి చెబుతాను. మంత్రాలమూట గారూ, మీరు ఏ వీసా మీద ఉన్నారు? హెచ్-1బీ అయితే మీరు పనిచేయాల్సింది మీ వీసా తీసుకున్న యజమాని దగ్గరే. రెండు పాత కార్డులు కొని దాచి ఏళ్ల తర్వాత అమ్మడం పెట్టుబడి అనిపించుకుంటుంది. నలభై ప్రతుల చొప్పున కొని, వారం వారం కవర్లు కట్టి అమ్మడం వ్యాపారంలా కనిపిస్తుంది. గీత ఎక్కడుందో మీ ఇమిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోండి, స్నేహితులను కాదు.

పన్ను సంగతి కూడా. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మిన షేర్ల లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 20 శాతం. ఇలాంటి సేకరణ వస్తువులకు ఆ గరిష్ఠం 28 శాతం. వ్యాపారంగా లెక్కిస్తే మామూలు ఆదాయపు పన్నుతో పాటు స్వయం ఉపాధి పన్ను కూడా పడుతుంది. సైటు నుంచి పన్ను కాగితం రాకపోయినా ఆదాయం చూపించాల్సిందే. కొన్న రసీదులు దాచుకోండి.

మంత్రాలమూట:

అందరికీ ధన్యవాదాలు. హెచ్-1బీయే. నలభై ప్రతుల ఆలోచన పక్కన పెడుతున్నాను. 1994 నాటి రివైజ్డ్ సెట్‌లోని అండర్‌గ్రౌండ్ సీ అనే పాత కార్డు ఒకటి స్థానికంగా ఒకాయన అమ్ముతానంటున్నారు. అసలుదో నకిలీదో కాఫీ కొట్టు బల్ల దగ్గర ఎలా తెలుసుకోవాలి, కౌంటరు గారూ?

కౌంటరువెనక:

వెళ్లేముందు చిన్న భూతద్దం కొనండి, నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే రకం, ముప్పై రెట్లు పెద్దది చేసి చూపేది. కార్డు వెనక ఐదు రంగుల గుండ్రాలు ఉంటాయి కదా. ఆకుపచ్చ గుండ్రాన్ని భూతద్దంలో చూస్తే, అసలు కార్డులో నాలుగు ఎర్రటి చుక్కలు ఇంగ్లీషు 'ఎల్' ఆకారంలో కనిపించాలి. ముందువైపు పేరు, కింద రాత నల్లటి సిరాతో నిండుగా, అంచులు పదునుగా ఉండాలి. అక్షరాలు కూడా చుక్కచుక్కలుగా విడిపోతే అక్కడే లేచి వచ్చేయండి. కాంతికి పట్టి చూడడం, వంచి చూడడం లాంటివి ఇంకొకరి కార్డు మీద చేయకండి.

రివైజ్డ్ కార్డుల రంగు మొదటి నుంచీ వెలిసిపోయినట్టే ఉంటుంది, దాన్ని చూసి అనుమానపడొద్దు. అదే సెట్‌లోని సాధారణ కార్డులు మా దుకాణంలో చిల్లర డబ్బులకు దొరుకుతాయి. ఒకటి కొని వెంట తీసుకెళ్లి రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మేవాడు భూతద్దం చూసి చిరాకు పడితే బేరం మానుకోండి. పడకపోతే, మూలలు తెల్లబడ్డాయా అన్నది ధర మాట్లాడే ముందే చూసుకోండి.