హాస్యచిత్రాలు తీసిన చోట్లను వెతుక్కుంటూ వెళ్ళడం సబబేనా?

పాతరీలు: ఈ సరదాను పిచ్చి అని కొట్టిపారేసేవారికి వుడ్‌స్టాక్ ఒక్కటే చాలు. 1993 నాటి ‘గ్రౌండ్‌హాగ్ డే’ కథ పెన్సిల్వేనియాలోని పంక్సటానీలో నడుస్తుంది గాని, తీసింది ఇల్లినాయిస్‌లోని ఈ ఊళ్ళో. సినిమా హీరో బిల్ ముర్రే పదేపదే నీటిగుంటలో కాలు వేసే మూలన ఫలకం పెట్టి, ఏటా ఉత్సవం జరుపుతూ ఊరివారే జనాన్ని పిలుస్తున్నారు. పిలిచినచోటికి వెళ్తే తప్పేమిటి?

ముక్కుసూటి: తప్పని అనలేదు, మోసపోతున్నారంటున్నాను. ‘హోమ్ అలోన్’ (1990) ఇల్లు చూడాలని అదే ఇల్లినాయిస్‌లోని విన్నెట్కా వెళ్ళేవారికి కనబడేది ముందుగోడ మాత్రమే. మనం పడీపడీ నవ్విన లోపలి దృశ్యాలు ఎన్నో మూతపడ్డ బడిలో సెట్టు వేసి తీసినవి. నీళ్ళు నిండిన పొరుగింటి నేలమాళిగ నిజానికి ఆ బడి ఈతకొలను.

పాతరీలు: అన్నీ సెట్టులే కావు. ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ (1975) కోసం మిగతా కోటలకు ఇచ్చిన అనుమతి రద్దు కావడంతో, స్కాట్లాండ్‌లోని డూన్ కోటనే కోణాలు మార్చి అనేక కోటలుగా చూపించారు. సినిమాలో గుర్రాలకు బదులు చేసినట్టే, అక్కడికి వెళ్ళినవారు కొబ్బరిచిప్పలు టకటకలాడిస్తూ గుర్రమెక్కినట్టు గెంతుతారు. పెద్దవాళ్ళు సిగ్గు విడిచి అలా గెంతడం చూడటానికైనా వెళ్ళవచ్చు.

ముక్కుసూటి: ఒక కోటను అనేకంగా చూపించారంటే అది నా వాదనకే బలం. లోపల తీశారా లేదా, అది చెప్పండి.

తీరిక: లోపలా బయటా తరవాత, గేటు ఎవరిదో ఆలోచించారా?

గడపలోపల: నేను అడగవలసిన ప్రశ్న తీరికగారు అడిగారు. నా ఇంటి ముందు ఒక హాస్యచిత్రంలోని దెబ్బలాట తీశారు. అప్పటినుంచి ముక్కూమొహం తెలియనివారు గంట నొక్కి, తలుపు తీయగానే ఆ సినిమా డైలాగు చెప్పి, నేను బదులు చెప్పలేదని నొచ్చుకుంటారు. ‘త్రీ ఇడియట్స్’ (2009)లో కనిపించిన లడఖ్ బడి సంగతి చూడండి. పర్యాటకుల తాకిడికి పిల్లల చదువు దెబ్బతింటోందని, జనం ఫొటోల కోసం ఎగబడే గోడను తొలగించాలని 2018లో యాజమాన్యమే నిర్ణయించింది.

పాతరీలు: బడి మాట వేరు. షూటింగుకు అద్దె పుచ్చుకున్నప్పుడు లేని ఇబ్బంది, చూడటానికి నలుగురు వస్తే మొలుచుకొచ్చిందా? డబ్బు చేదు కాలేదు, జనం చేదయ్యారన్నమాట!

గడపలోపల: నోరు జారకండి. ఆ అద్దె పాత యజమానికి ముట్టింది, నాకు పైసా రాలేదు. సినిమా విడుదలయ్యాకే నేను ఇల్లు కొన్నాను.

పాతరీలు: తెలిసే కొన్నారుగా! అంతమంది తమదిగా భావించే చోటు మీ ఒక్కరిదే ఎలా అవుతుంది?

గడపలోపల: పన్ను నేను కడుతున్నాను కాబట్టి అవుతుంది. మీరు టిక్కెట్టు కొన్నది సినిమాకు, నా వాకిలికి కాదు.

ముక్కుసూటి: ఇంతకీ మీ ఇంటి లోపల ఏమైనా తీశారా?

పాతరీలు: మీరు ఊరుకోండి ముక్కుసూటిగారూ. గడపలోపలగారూ, రోడ్డు మీదే నిలబడి ఒక్క ఫొటో తీసుకున్నా అభ్యంతరమేనా?

గడపలోపల: రోడ్డు మీద నిలబడినవారెవరూ నా ఇంటి గంట నొక్కలేదు.