శ్రమ ఎక్కువైతే ధర ఎక్కువ రావాలి కదా?

ప్రశ్న: మా అత్తయ్య వాళ్లది పోచంపల్లి. పోగులకు సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు చుట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ తర్వాత మగ్గమెక్కించి నేసేసరికి రోజులకు రోజులు పడుతుంది, అదే డిజైన్ ప్రింట్ చీర చవగ్గా దొరుకుతుంటే బేరం తెగడం లేదు. విలువ శ్రమ నుంచే వస్తుందన్న మార్క్స్ మాట తప్పేనా?

జవాబు 1: తొందరపడకు తమ్ముడూ. ఆయన లెక్క ఒక్కరు పడ్డ కష్టం కాదు, సమాజంలో సగటున పట్టే శ్రమ కాలం. ఇంగ్లండ్‌లో మరమగ్గాలు వచ్చాక చేమగ్గం నేతగాడి గంట పని విలువ సగానికి పడిపోయిందని 1867లోనే రాశాడు.

జవాబు 2: అదంతా తప్పించుకునే మాట. కొనేవాడికి అదే వస్తువు ఇంకొకటి ఎంత అవసరమన్నదే విలువ, 1871లో ఆర్థికవేత్తలు మెంగర్, జెవన్స్ తేల్చింది అదే.

ప్రశ్న అడిగినవాడు: పనికిరాని వస్తువుకు విలువ లేదని మార్క్స్ కూడా అన్నాడు కదన్నా. సరే, షోరూంలో చీర ధర పెరిగింది, అత్తయ్య కూలీ పెరగలేదు. మధ్యలో డబ్బు ఎటు పోయినట్టు?