బీజడ్‌సీ చదివే అమ్మాయితో స్టాటిస్టిక్స్ తీసుకోమనడం తప్పా?

వేపచెట్టు:
మా చెల్లి ఇంటర్ బైపీసీ. నీట్‌లో సీటు రాలేదు, ఈ ఏడాది డిగ్రీ బీజడ్‌సీలో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేరింది. వచ్చే సెమిస్టర్‌కి ఒక ఎలెక్టివ్ పేపర్ ఎంచుకోవాలి. వాళ్ల కాలేజీలో ఉన్నవి రెండే: పుట్టగొడుగుల పెంపకం, బయోస్టాటిస్టిక్స్ (జీవశాస్త్రంలో వాడే గణాంకాలు). క్లాసులో దాదాపు అందరూ మొదటిదే రాశారట. నేను రెండోది తీసుకోమన్నాను. అప్పటి నుంచి ఇంట్లో గొడవ. "లెక్కలంటే భయమనే కదా బైపీసీ తీసుకున్నాను, మళ్లీ అదే నెత్తిన పెడతావా?" అంటోంది. పీజీ చేసి పరిశోధన వైపు వెళ్లాలని తనకే ఉంది. నేను చెప్పింది తప్పంటారా?

మాచవరం కుర్రాడు:
బలవంతం చేయకండి అక్కా. నేనూ బీజడ్‌సీనే. మా కాలేజీలో స్టాటిస్టిక్స్ అంటే గెస్ట్ లెక్చరర్ వచ్చి ఫార్ములాలు బోర్డు మీద రాసి వెళ్లేవారు. బట్టీ పట్టి రాశాం, మర్చిపోయాం. నాకు ఆ పేపర్ ఒక బ్యాక్‌లాగ్ కూడా మిగిల్చింది. పీజీ ఎంట్రెన్స్‌లో చాలావరకు మన సబ్జెక్టు ప్రశ్నలే వస్తాయి. మార్కులు తగ్గి, టెన్షన్ పెరిగి, ఎవరికి లాభం?

గవ్వలు:
వేపచెట్టు గారూ, మీరు చెప్పింది సరైనదే. పరిశోధన అన్నారు కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ జోలికి పోలేదు. పీహెచ్‌డీలో చేరాక రొయ్యల చెరువు నీటిలో బ్యాక్టీరియా మీద పని. మందు వేసిన చెరువు ఒకటి, వేయనిది ఒకటి. మూడు నెలలు తిరిగి ఒక్కో చెరువు నుంచి ముప్పై సీసాల నీళ్లు తెచ్చి లెక్కపెట్టాను. మా గైడ్ చూసి, "ఇవి ముప్పై కాదమ్మా, ఒక్కటే. ఒకే చెరువు నీళ్లు ముప్పైసార్లు తెచ్చావు. తేడా మందు వల్లా, చెరువు వల్లా అని ఎలా చెప్తావు?" అన్నారు. ఆ రాత్రి ఏడ్చాను. ఆ మాట పద్దెనిమిదేళ్లప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే మూడు నెలలు పోయేవి కావు.

పైగా మనం చదివే బయాలజీలో లెక్కలు ముందే ఉన్నాయి. మెండెల్ బఠానీల్లో గుండ్రటివి 5,474, ముడతలవి 1,850. ఆయన సూత్రం ప్రకారం సరిగ్గా 3:1 అయితే 5,493, 1,831 రావాలి. పందొమ్మిది గింజల తేడా యాదృచ్ఛికమా, సూత్రమే తప్పా? దీనికి జవాబు కై-స్క్వేర్ పరీక్ష: ఒక్కో రకానికి తేడాని వర్గం చేసి, రావాల్సిన సంఖ్యతో భాగించి, రెండూ కూడాలి. విలువ 0.26 దాకా వస్తుంది, హద్దు 3.84; అది దాటితేనే సూత్రాన్ని అనుమానించాలి. కాబట్టి సూత్రం నిలబడింది. ఇందులో ఉన్నది కూడిక, తీసివేత, వర్గం, భాగహారం. పదో తరగతి లెక్కలు చాలు.

ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చేసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జ్‌లో ఏం చేశారో చెల్లికి చెప్పండి. సూడాన్‌లో తవ్వి తీసిన పాత అస్థిపంజరాల కొలతలు విశ్లేషించారు. జీవశాస్త్రం అడిగిన ప్రశ్నల నుంచే ఈ లెక్కలు చాలా పుట్టాయి.

ఇక పరీక్షల మాట. బయోటెక్ పీజీకి రాసే గ్యాట్-బీ ఎంట్రెన్స్‌లో మొదటి భాగం ఇంటర్ స్థాయిది, మ్యాథ్స్ కూడా ఉంటుంది. పరిశోధన ఫెలోషిప్‌కి రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో 13 యూనిట్లు, చివరిదాంట్లో స్టాటిస్టిక్స్ ఉంది.

బోటనీ మాస్టారు:
గవ్వలు గారి మాట కాదనను. కానీ నా బాధ వేరు. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను. తులసి, మరువం ఒకే కుటుంబమని వినాయకచవితి పత్రి చేతిలో పట్టుకుని కూడా చెప్పలేని పిల్లలు ఫైనలియర్ దాటుతున్నారు. తుమ్మి కాండం నాలుగు పలకలుగా ఉంటుందని వేళ్లతో తడిమి చూడాలి, పుస్తకంలో చూస్తే రాదు. కొత్త పేపర్ వచ్చిన ప్రతిసారీ కోత పడేది ఫీల్డ్ ట్రిప్ గంటలకే. పేరు తెలియని మొక్కని లెక్కపెట్టి ఏం చేస్తారు?

గవ్వలు:
మాస్టారూ, ఆ గంటలు పోకూడదనే నేనూ అంటాను. కానీ చెల్లి ముందున్నవి టాక్సానమీ (మొక్కల్ని గుర్తుపట్టి వర్గీకరించడం), స్టాటిస్టిక్స్ కాదు కదా. పుట్టగొడుగులు, స్టాటిస్టిక్స్. పుట్టగొడుగుల పెంపకం తర్వాత ఎప్పుడైనా కొద్దిరోజుల శిక్షణలో నేర్చుకోవచ్చు.

మాచవరం కుర్రాడు:
అది ఒప్పుకుంటాను. కానీ చెప్పేవాళ్లు సరిగా లేకపోతే? నా భయం అదే.

బోటనీ మాస్టారు:
ఆ భయం న్యాయమైనదే బాబూ. అందుకే గదిలో చెప్పకూడదు. మీటరు చదరం ఫ్రేము ఒకటి కట్టుకుని కాలేజీ గ్రౌండ్‌లోకి వెళ్లాలి. వేర్వేరు చెట్ల నీడలో పది చోట్ల, ఎండలో పది చోట్ల వయ్యారిభామ మొక్కలు లెక్కపెట్టాలి. స్థలాలు కంటికి నచ్చినవి కాకుండా చీటీలు తీసి ఎంచుకోవాలి. ఆ ఇరవై అంకెలతో సగటు, విచలనం (అంకెలు సగటుకి ఎంత దూరంగా చెదిరాయో), టీ-టెస్ట్ (రెండు సగటుల తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసేది) అన్నీ వచ్చేస్తాయి. అమ్మాయి ఊళ్లో ఖాళీ స్థలం ఉంటే ఈ ఆదివారమే చేయొచ్చు. ఆ మొక్క చేత్తో ముట్టుకుంటే కొందరికి దురద వస్తుంది, గ్లవ్స్ వేసుకోమనండి.

వేపచెట్టు:
ఇదంతా చెల్లికి చదివి వినిపించాను. ఆప్షన్ ఇవ్వడానికి సోమవారం ఆఖరు. పేపర్ ఎవరు చెప్తారో రేపు కాలేజీలో అడుగుతానంది. మెండెల్ లెక్క మాత్రం కాగితం తీసుకుని తనే వేసింది, 0.26 వచ్చింది. ఇప్పుడు ఫ్రేముకి వెదురు బద్దలు కావాలని నాన్నని అడుగుతోంది.