అప్‌డేట్: మామిడి డబ్బుల గొడవ, జపం, మా అన్న

చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి మా తోతాపురి కాయల డబ్బులు ఆపేసిందని, ఆ బాకీల మీదే అన్నతో మాటలు పోయాయని, ‘నమ్ మ్యోహో రెంగే క్యో’ అనే బౌద్ధ మంత్రం జపం మొదలుపెట్టాక కష్టాలు ఇంకా పెరిగాయని, మానేయాలా అని అడిగాను కదా.

మానలేదు. సాధన లోతుకు వెళ్ళేకొద్దీ అడ్డంకులు లేస్తాయని బౌద్ధ గురువు నిచిరెన్ ముందే హెచ్చరించారని మీలో ఒకరు రాశారు. ఆయన జపాన్‌లో 1253లో ఈ మంత్రాన్ని చాటారు. 1271లో అక్కడి పాలకులు ఆయన తల తీయబోయి, చివరికి చలి ఎక్కువుండే సాడో దీవికి పంపేశారు. ఆయన ముఖ్య రచనలు కొన్ని ఆ చలిలోనే పుట్టాయి. అది చదివాక నాకు పట్టు దొరికింది.

మా వైపు ఏం జరిగినా తలరాత అంటారు. బౌద్ధంలో ఇవాళ్టి ఆలోచన, మాట, చేత కూడా కర్మే. మరి అన్నతో మాట్లాడకపోవడం?

తూకం చీటీలన్నీ పట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. వదిన కాఫీ ఇచ్చింది. అన్న చీటీలు తేదీల వారీగా పేర్చి, “ఇది నా ట్రాక్టర్లో పోయిన లోడు రా” అన్నాడు. అంతే, మాటలు కలిశాయి.

ఇద్దరం కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. కొంత డబ్బు పడింది. బ్యాంకు ఫోన్లు ఆగలేదు గానీ మునుపటి టెన్షన్ లేదు. జపం వల్లే డబ్బు వచ్చిందని చెప్పను. అన్న గడప తొక్కే ధైర్యం మాత్రం అక్కడి నుంచే వచ్చింది.

మిగతా బాకీ కోసం వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాం. ధైర్యం చెప్పిన అందరికీ దండాలు.