పవర్ కండీషనర్ పెడితే పాట నిజంగా మెరుగవుతుందా?

జయనగర శ్రోత
అందరికీ నమస్కారం. జయనగరలో ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో ఉంటున్నాము. ఒక ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయరు, డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నలుగా మార్చే ఒక డాక్ (DAC), చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత తెలుగు పాటలు. ఈ మధ్య ఒక షాపులో, బెంగళూరు ఇళ్ళలో కరెంటు శుభ్రంగా ఉండదనీ, దాన్ని శుద్ధి చేసే పవర్ కండీషనర్ పెట్టనిదే నా ఆంప్లిఫయరు అసలు సత్తా బయటపడదనీ గట్టిగా చెప్పారు. దాని ధర ఆంప్లిఫయరు ధరలో సగానికి పైనే ఉంది. పాట ఆగినప్పుడు స్పీకర్ల దగ్గర సన్నగా జుమ్మనే శబ్దం వినబడుతున్న మాట, సాయంత్రాలు వోల్టేజీ 205 దాకా పడిపోయి అర్ధరాత్రికి 245 కు చేరుతున్న మాట నిజమే. ఈ డబ్బు పెట్టడం సబబేనా?

వీణాప్రియ (మల్లేశ్వరం)
నా అనుభవంలో సబబే. నేను ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల తీగలూ నేరుగా కలవకుండా అయస్కాంత క్షేత్రం ద్వారానే కరెంటును దాటించేది) ఉన్న కండీషనర్ వాడుతున్నాను. దాన్ని పెట్టాక కచేరీ రికార్డింగుల్లో ఒక కృతికీ మరో కృతికీ మధ్య తంబుర మాత్రమే మోగే క్షణాల్లో ఆ నాదం చివరి దాకా, పలచబడుతూ పలచబడుతూ వినబడుతోంది. అంతకు ముందు అది మధ్యలోనే మసకబారేది. రాత్రి పదకొండు దాటాక అందరి సిస్టములూ బాగా పలుకుతాయని మనలో చాలామంది ఒప్పుకుంటారు. అప్పటికి చుట్టుపక్కల ఇళ్ళలో ఏసీలు, మోటార్లు, ఎల్‌ఈడీ బల్బులు చాలావరకు ఆగిపోయి ఉండటమే అందుకు కారణం. అసలు స్పీకర్లోకి వెళ్ళే శక్తి అంతా గోడలోని కరెంటు నుంచి వచ్చినదే. ఆంప్లిఫయరు చేసే పని ఆ కరెంటును పాట రూపంలోకి మలచడం. మూలంలో ఉన్న దోషం ఫలితంలో కనబడకుండా ఎలా ఉంటుంది?

రాగితీగ (వైట్‌ఫీల్డ్)
పవర్ ఎలక్ట్రానిక్స్ నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

వీణాప్రియ గారి చివరి వాక్యం వినడానికి సహేతుకంగా ఉంది కానీ, గోడకూ పాటకూ మధ్య ఏమేమి ఉన్నాయో అది లెక్కలోకి తీసుకోలేదు. 230 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటు మామూలు ఆంప్లిఫయరులోకి రాగానే ట్రాన్స్‌ఫార్మరులో తగ్గి, రెక్టిఫయరులో ఒకే దిశకు మళ్ళి, పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ఆ కెపాసిటర్లు సెకనుకు 100 సార్లు, తరంగం శిఖరానికి చేరిన కొద్ది క్షణాలపాటు మాత్రమే నిండుతాయి; మిగతా సమయంలో ఆంప్లిఫయరు గోడతో సంబంధం లేకుండా ఆ నిలవ మీదే నడుస్తుంది. నీళ్ళ ట్యాంకరు ఎంత కుదుపుతో వచ్చినా, సంపు నిండాక కుళాయిలో ధార ఆ కుదుపును చూపించదు. ఆ డీసీలో (ఒకే దిశకు మళ్ళిన కరెంటులో) మిగిలిపోయిన 100 హెర్ట్జ్ అలజడిని ఆంప్లిఫయరు సర్క్యూటే తిరస్కరిస్తుంది; మంచి డిజైన్లలో తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఆ తిరస్కారం 60 డెసిబెళ్ళు దాటి ఉంటుంది, అంటే వెయ్యో వంతుకు తగ్గిపోతుంది. డాక్ లోపల ఇంకా పకడ్బందీగా రెగ్యులేటర్లు ఉంటాయి.

ఇక వోల్టేజీ సంగతి. రెగ్యులేటరు లేని ఆంప్లిఫయరుకు వోల్టేజీ పది శాతం తగ్గితే గరిష్ఠ శక్తి 100 వాట్ల నుంచి 81 వాట్లకు దిగుతుంది. వినడానికి పెద్ద నష్టంలా ఉన్నా అది ఒక డెసిబెల్ కంటే తక్కువ, అది కూడా వాల్యూమ్ పూర్తిగా పెంచినప్పుడే. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు చాలాసార్లు ఒకటి రెండు వాట్లకు మించి వాడము.

కరెంటు "మురికి" అన్న మాటలో కొంత నిజం ఉంది. టీవీలు, కంప్యూటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు అన్నీ తరంగ శిఖరం దగ్గరే కరెంటు లాగుతాయి కాబట్టి ఆ శిఖరం కొంచెం చదునవుతుంది. అది లోకమంతటా ఉన్నదే. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ వారి 519 ప్రమాణం 2014 సంచిక ఒక కిలోవోల్టు లోపు సరఫరాలో వోల్టేజీ తరంగం ఆకారంలో మొత్తం వికృతిని 8 శాతం దాకా అనుమతించింది. పరికరాల తయారీదారులు దానికి సిద్ధపడే డిజైన్ చేస్తారు. రాత్రి పదకొండు తర్వాత బాగా పలకడం గురించి నాకైతే సందేహమే లేదు: ఆ వేళకు రోడ్డు మీద ఆటోలు, హారన్లు తగ్గిపోతాయి, గదిలో నిశ్శబ్దం పెరుగుతుంది, తంబుర చివరి దాకా వినబడుతుంది.

జయనగర శ్రోత గారూ, ముందు ఒకటి చెప్పండి. ఆ జుమ్మనే శబ్దం స్పీకర్లలో నుంచా, ఆంప్లిఫయరు పెట్టెలో నుంచా?

జయనగర శ్రోత
స్పీకర్లలో నుంచే. మీరు అడిగాక ఒక్కొక్క తీగా తీసి చూశాను. టీవీ సెట్‌టాప్ బాక్సు నుంచి ఆంప్లిఫయరుకు వచ్చే తీగ పీకగానే పూర్తిగా ఆగిపోయింది.

రాగితీగ
అయితే అది ఎర్త్ లూప్. కేబులు గానీ డిష్ గానీ బయట ఒక చోట ఎర్త్ అవుతుంది, మీ ఆంప్లిఫయరు గోడ ప్లగ్గులో మరో చోట ఎర్త్ అవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజీ తేడా వల్ల సిగ్నల్ తీగ షీల్డు గుండా కరెంటు ప్రవహించి ఆ జుమ్మనే శబ్దం, అంటే హమ్, అవుతుంది. కండీషనరు కరెంటు దారిలో కూర్చుంటుంది, ఈ దోషం సిగ్నల్ దారిలో ఉంది. అందుకే అది దీన్ని సాధారణంగా పోగొట్టలేదు. సెట్‌టాప్ బాక్సులో ఆప్టికల్ అవుట్ ఉంటే దాన్ని డాక్‌కు కలపండి, గాజో ప్లాస్టికో గనక ఎర్త్ కలవదు. లేకపోతే ఆ ఆడియో తీగ మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. కొందరు ఎలక్ట్రీషియన్లు ఆంప్లిఫయరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటారు. హమ్ పోతుంది, దాంతోపాటు షాకు నుంచి మిమ్మల్ని కాపాడేదీ పోతుంది. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

లాంగ్‌ప్లే (బసవనగుడి)
రాగితీగ గారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే, కరెంటు వల్ల ఏమీ వినబడదన్న అర్థం రాకూడదని రాస్తున్నాను. నాది రికార్డ్ ప్లేయరు. రికార్డు గాడిని చదివే మూవింగ్ కాయిల్ కార్ట్‌రిడ్జి ఇచ్చే అతి చిన్న సిగ్నల్‌ను ఫోనో స్టేజి (దాని ప్రత్యేక ఆంప్లిఫయరు) సుమారు 60 డెసిబెళ్ళు పెంచాలి. అక్కడ గాలిలో వచ్చే చిన్న అలజడి కూడా పెద్దదై వినబడుతుంది. మా ఇంట్లో స్పీకర్లలో వినబడిన కరకర శబ్దానికి మూలం చివరికి ఫ్యాన్ రెగ్యులేటరు. మెట్లు లేకుండా తిప్పే ట్రయాక్ రకం (ప్రతి తరంగంలో కొంత భాగాన్ని కోసేసేది) తీసేసి కెపాసిటర్ రకం పెట్టించగానే ఆగింది. దాని ఖర్చు కండీషనరు మీద చెల్లించే జీఎస్‌టీ పాటి కూడా ఉండదు.

రెండో సంగతి. పెట్టెలో నుంచే గుర్రుమనే శబ్దం వస్తే అది వేరే జబ్బు. ఎవరైనా సగం వేడిమీద హెయిర్ డ్రయరు వాడితే, కొన్ని రకాల్లో డయోడు సగం తరంగాన్నే వాడుకుంటుంది గనక లైన్లో కొద్దిగా డీసీ చేరుతుంది, టొరాయిడల్ (వలయాకారపు) ట్రాన్స్‌ఫార్మర్లు దానికి ఓర్చుకోలేక గుర్రుమంటాయి. అక్కడ డీసీ బ్లాకర్ నిజంగా పని చేస్తుంది. అలాగే కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఆంప్లిఫయరు నడిపితే వచ్చే రొద గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. అక్కడ ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరుకు పెట్టిన ప్రతి రూపాయీ వినబడుతుంది.

వీణాప్రియ
మీరిద్దరూ రోగాలకు మందులు చెబుతున్నారు. నేను చెప్పేది రోగం లేని సిస్టములో కలిగే మెరుగుదల గురించి. హమ్ లేకుండానే, తంబుర విషయంలో నేను విన్న తేడాకు మీ దగ్గర సమాధానం లేదు. మనం కొలుస్తున్నవే చెవి వింటున్నవన్నీ అని ఎలా అనుకోగలం?

రాగితీగ
కొలతలను పక్కన పెడదాం, మీ చెవినే నమ్ముదాం. షరతు ఒక్కటే, ఏది మోగుతోందో ఆ చెవికి ముందుగా తెలియకూడదు. ఏబీఎక్స్ పద్ధతి (ఏ, బీ రెండూ వినిపించి, ఎక్స్ అన్నది వాటిలో ఏదో చూడకుండా చెప్పించే పరీక్ష) కొత్తదేమీ కాదు; డేవిడ్ క్లార్క్ దాని గురించి 1982 లోనే ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో రాశారు. పరికరాలను పోల్చేటప్పుడు శబ్ద స్థాయి 0.1 డెసిబెల్ లోపు సమానంగా ఉండాలంటారు, ఎందుకంటే కొద్దిగా ఎక్కువ మోగినదాన్ని మనసు "మెరుగైనది" అనేస్తుంది.

వీణాప్రియ
కొత్త గదిలో, పరీక్షకు కూర్చున్న విద్యార్థిలా, పావు నిమిషం ముక్కలు విని తీర్పు చెప్పమంటే ఎవరికీ ఏమీ వినబడదు. నా ఇంట్లో, నా రికార్డింగులతో, వారాల తరబడి వినే వీలుంటే సిద్ధమే.

రాగితీగ
అలాగే కానివ్వండి, వ్యవధి ఎంతైనా నాకు అభ్యంతరం లేదు. మీ ఇంట్లో మరొకరు నాణెం ఎగరేసి కండీషనరు ద్వారానో నేరుగానో ప్లగ్గు మార్చి, ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. మీరు మీ ఊహను విడిగా రాసుకోవాలి. అయితే కొన్ని కండీషనర్లు స్వయంగా సన్నగా మూలుగుతాయి, అది మీకు ముందే గుట్టు విప్పేస్తుంది. ఎక్స్‌టెన్షన్ తీగతో దాన్ని పక్క గదిలో పెట్టించి, రెండు సందర్భాల్లోనూ ఆన్‌లోనే ఉంచండి.

వీణాప్రియ
ఒప్పుకున్నాను. నా అభిప్రాయం మాత్రం ప్రస్తుతానికి మారలేదు.

జయనగర శ్రోత
ఆప్టికల్ తీగతో హమ్ పూర్తిగా పోయింది, రాగితీగ గారికి కృతజ్ఞతలు. కండీషనరు కొనడం లేదు. అయితే ఆ 205, 245 సంగతికి స్టెబిలైజరు పెట్టమంటారా? ఇంకో విచిత్రం కూడా ఉంది: ఒక్కోసారి వంటింట్లో మిక్సీ వేస్తే హాల్లో బల్బులు ఇంకాస్త వెలుగుతాయి.

రాగితీగ
ఈ చివరి వాక్యం మొదటి పోస్టులోనే ఉండవలసింది. లోడు పడితే బల్బులు మందగించాలి. మరో చోట ప్రకాశం పెరుగుతోందంటే, మీది త్రీ ఫేజ్ కనెక్షన్ అయిన పక్షంలో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) జాయింటు ఎక్కడో వదులైందని అనుమానించాలి. అది పూర్తిగా తెగితే ఒక ఫేజు మీద ఉన్న పరికరాలకు 400 వోల్టుల దగ్గరి దాకా రావచ్చు. సర్జ్ ప్రొటెక్టర్లలో ఉండే ఎంఓవీలు (వోల్టేజీ పెరిగితే దాన్ని పక్కకు మళ్ళించే భాగాలు) మెరుపుల్లాంటి క్షణికమైన పోట్లకు ఉద్దేశించినవి. అంత వోల్టేజీ నిలకడగా వస్తే అవే కాలిపోతాయి, స్టెబిలైజరు కూడా తట్టుకోలేదు. ఈ వేళే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరు దగ్గరా, డిస్ట్రిబ్యూషన్ బోర్డులోనూ న్యూట్రల్ బిగింపులు చూపించండి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. లోపల అంతా సరిగ్గా ఉంటే తప్పు స్తంభం వైపు ఉండవచ్చు, సరఫరా సంస్థకు ఫిర్యాదు చేయాలి. అది తేలేదాకా ఆంప్లిఫయరు, టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకి ఉంచండి.