బూత్ మానిటర్ (డీజే పక్కనే పెట్టే స్పీకర్) లేని చోట బీట్ కలపడం ఎలా?

డీజే పని తెలిసిన అన్నలెవరైనా ఉంటే కొంచెం చెప్పండి. ఇంట్లో రెండు చిన్న స్పీకర్లు పక్కనే పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తే మిక్స్ చక్కగా కుదురుతుంది. ఫంక్షన్ హాల్‌కి వెళ్తే తేడా కొడుతోంది. అక్కడ మెయిన్ స్పీకర్లు స్టేజీకి అటూ ఇటూ ఉంటాయి, నా టేబుల్ మాత్రం ఏదో మూలన వేస్తారు. శబ్దం మీటరు దూరం రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కదా, 15 మీటర్లంటే 45 దాకా ఆలస్యం. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవితో హాలు వింటూ ఒక పాట కిక్ (డ్రమ్ము ధమ్ దెబ్బ) మీద ఇంకో పాట కిక్ పెడితే నాకు కలిసినట్టే ఉంటుంది. బయట జనానికి మాత్రం గుర్రం పరిగెత్తినట్టు టకటక!

అందుకే ఇప్పుడు క్యూ-మాస్టర్ నాబ్ (హెడ్‌ఫోన్‌లో తర్వాతి పాట ఎంత, హాల్లో మోగే పాట ఎంత వినపడాలో తిప్పుకునేది) మధ్యలో పెట్టి రెండు పాటలూ హెడ్‌ఫోన్‌లోనే వింటున్నా. బీట్ కలుస్తోంది గానీ హాల్లో బేస్ ఎంతుందో తెలియట్లేదు. పైగా రాత్రికి చెవులు గుయ్‌మంటున్నాయి. స్ప్లిట్ క్యూ (హెడ్‌ఫోన్‌లో ఒక చెవికి తర్వాతి పాట, రెండో చెవికి హాల్లో మోగే పాట) అలవాటు చేసుకుంటే మేలా? లేక సొంతంగా ఒక పవర్డ్ స్పీకర్ (ఆంప్లిఫయర్ లోపలే ఉండేది) కొని మిక్సర్ బూత్ అవుట్‌కి (డీజే దగ్గరి స్పీకర్ కోసం ఇచ్చే అవుట్‌పుట్) తగిలించుకోవాలా? 8 అంగుళాలది సరిపోతుందా, 10 కావాలా?

రెండు పాటల బీట్ దానంతటదే కలిపే సింక్ బటన్ నొక్కమని మాత్రం అనకండి. లైవ్ డప్పులతో రికార్డు చేసిన తీన్‌మార్ పాటల్లో టెంపో అటూ ఇటూ అవుతుంది, బీట్ గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ పాట మీద వేసే బీట్ గీతలు) సరిగ్గా కూర్చోదు.